రైస్ మిల్లుకు కొత్త మిషన్లు వస్తున్నాయి, మా పనులు ఉంటాయా పోతాయా?

ప్రశ్న అడిగినాయన పరకాల వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో కాటా గుమాస్తా, డిగ్రీ చదివారు. మిల్లుకు కొత్త సార్టెక్స్ (రంగు తేడా ఉన్న గింజలు ఏరే మిషన్), ఆటోమేటిక్ ప్యాకింగ్, కంప్యూటర్ కాటా వస్తున్నాయట. "హమాలీలు, ఆడకూలీలు, నాలాంటి గుమాస్తాలు అందరం పోతామా? మిషన్లతో ఉద్యోగాలు పెరుగుతాయని కొందరు, ఎవరికీ పని ఉండదని కొందరు రాస్తున్నారు. దేశానికి ఇది లాభమా నష్టమా? నేను ఇక్కడే ఉండాలా, వేరే చూసుకోవాలా?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మిషన్ వచ్చిన నెలలో మిమ్మల్ని ఎవరూ పంపించరు. కానీ మీరు మానేసిన రోజున ఆ కుర్చీలోకి ఇంకొకర్ని తీసుకోరు. మిల్లుల్లో, పత్తి జిన్నింగుల్లో, ఆఖరికి సింగరేణి బొగ్గు గనుల్లో కూడా నేను చూసింది ఇదే. ఎంతమందిని తీసేశారని అందరూ లెక్కేస్తారు, ఎంతమందిని తీసుకోలేదన్నది ఎవరూ లెక్కేయరు. మీరైతే వెంటనే వేరే చూసుకోవాల్సిన పని లేదు, కానీ కాటా రాసే పనిలోనే కూర్చుంటే మాత్రం కష్టం. ఎందుకో కింద రాస్తున్నాను, కొంచెం పొడుగైంది.

నా సంగతి: ఫిట్టర్‌గా మిల్లుల్లో చేరి, తర్వాత మిషన్లు బిగించడం, సర్వీసు చేయడం సొంతంగా పెట్టుకున్నాను. హన్మకొండ నుంచి హుజూరాబాద్, జమ్మికుంట, సుల్తానాబాద్, పెద్దపల్లి, మెట్‌పల్లి దాకా తిరుగుతాను. అంటే మీరు భయపడుతున్న మిషన్‌ను తెచ్చి బిగించేవాళ్లలో నేనొకణ్ణి, ఆ పైసలతోనే మా ఇల్లు నడుస్తుంది. అది మనసులో పెట్టుకునే చదవండి.

మీ సేటు ఆ మిషన్ ఎందుకు కొంటున్నాడో ముందు కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. "ఆటోమేషన్" అని ఒకే మాట అంటాం గానీ, సరుకు బాగా రావాలని కొన్న మిషన్ వేరు, మనుషులు దొరక్క కొన్నది వేరు, కూలి ఖర్చు తగ్గించుకోవాలని కొన్నది వేరు. మొదటి రెండింటితో పెద్దగా ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు. మూడోదే ప్రమాదం.

సార్టెక్స్ మొదటి రకం. ప్రభుత్వం మిల్లుకు క్వింటాల్ వడ్లిస్తే పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. అది కదలదు. ఇక మిల్లరుకు మిగిలేదంతా తవుడులో, నూకలో, ఇచ్చిన బియ్యం వెనక్కి తిరిగి రాకుండా చూసుకోవడంలో ఉంటుంది. నల్ల గింజ, పసుపు గింజ ఎక్కువుంటే గోదాములో లారీని నిలబెట్టేస్తారు, డ్రైవరు, హమాలీ, కిరాయి అన్నీ సేటు నెత్తిన పడతాయి. ఆ దెబ్బ తప్పించుకోవడానికే కొంటారు గానీ, చాటలు పట్టుకుని ఏరే నలుగురు ఆడవాళ్ల కూలి మిగులుతుందని లక్షలు పోసి ఎవరూ కొనరు. ఆ ఆడవాళ్ల పని పోతుంది, అది నిజం, కాదనను. అయితే ఆ మిషన్ వెంట ఇంకో పని వస్తుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

సార్టెక్స్‌లో బియ్యం సన్నని కాలువల మీదుగా జారుతుంటే కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది. రంగు తేడా ఉన్న గింజ కనబడగానే చిన్న వాల్వు తెరుచుకుని గాలి ఊది దాన్ని పక్క గొట్టంలోకి కొడుతుంది. ఇదంతా కంప్రెసర్ గాలి మీద నడిచే పని. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. ఎయిర్ డ్రయ్యర్ సరిగ్గా లేకపోయినా, ఫిల్టరులో దిగిన నీళ్లు వదలకపోయినా వాల్వులు పట్టేస్తాయి, ఆలస్యంగా తెరుచుకుంటాయి. అప్పుడు నల్ల గింజ మంచి బియ్యంలోకి, మంచి గింజ రిజెక్టులోకి పోతుంటుంది. స్క్రీన్ మీద మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పనితనం ఉన్న ఆపరేటరు స్క్రీన్ చూడడు, వచ్చీ పోయీ రిజెక్టు గొట్టం కింద దోసిలి పట్టి చూస్తాడు. దోసిట్లో సగానికి సగం మంచి బియ్యమే ఉంటే ముందు కంప్రెసర్ దగ్గరికి నడుస్తాడు. ఇలాంటి మనిషి కోసం మా దిక్కు మిల్లర్లు ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరు లాక్కుంటున్నారు. కాలేజీలో చెప్పే చదువు కాదిది. ఒక సీజనంతా ఆ మిషన్ దగ్గర నిలబడితే వస్తుంది.

ప్యాకింగ్ మిషన్ రెండో రకం, మనుషులు దొరక్క కొనేది. మా మిల్లుల్లో హమాలీ అంటే ఇవాళ ఎక్కువగా బీహారు మనిషే. మన పిల్లలు బస్తా మోయరు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు వయసు పిల్లలు దుబాయి, మస్కట్ వెళ్తారు గానీ ఊరి మిల్లులో హమాలీ చేయమంటే చేయరు, అది వాళ్ల తప్పు కూడా కాదు. 2020 లాక్‌డౌన్‌లో హమాలీలు వాళ్ల ఊళ్లల్లో చిక్కుకుపోతే, యాసంగి వడ్లు కుప్పలుగా పడి ఉంటే, మే నెలలో బీహారులోని ఖగరియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలను రైలెక్కించి లింగంపల్లికి తీసుకొచ్చి మిల్లులకు పంపాల్సి వచ్చింది. దేశమంతా వలస కూలీలు ఇళ్లకు పోతుంటే మనం ఎదురు తెప్పించుకున్నాం! ఆ ఏడాది నుంచే నాకు ప్యాకింగ్ లైన్ల కోసం ఫోన్లు పెరిగాయి. అప్పటిదాకా "మనుషులుండగా మిషనెందుకు" అన్న సేట్లే ఫోన్ చేశారు.

ఆ ప్యాకింగ్ మిషన్ కూడా పూర్తిగా మనిషి లేకుండా నడవదు. తూకం అది వేస్తుంది, సంచి నింపుతుంది, బెల్టు మీద కుట్టు దగ్గరికి పంపుతుంది. సంచి మూతి తెరిచి గొట్టానికి తగిలించడానికి ఒకరు కావాలి, గోదాములో పైదాకా పేర్చడానికీ, లారీ ఎక్కించడానికీ మనుషులే కావాలి. హమాలీల ముఠా చిన్నదవుతుంది కానీ లేకుండా పోదు.

ఇక అసలు దెబ్బ ఎవరికి పడింది? ఇది చెప్పకుండా పై కథ మాత్రమే చెప్తే నేను నా మిషన్లు అమ్ముకోవడానికి రాసినట్టుంటుంది.

దెబ్బ మొత్తం ఆడవాళ్ల మీద పడింది. వెనక బాయిల్డ్ మిల్లుల్లో పెద్ద సిమెంటు కల్లాలుండేవి. ఉడికిన వడ్లు ఎండలో పోసి కాళ్లతో బాటలు తీస్తూ తిరగేసేవాళ్లు, అందరూ ఆడవాళ్లే. డ్రయ్యర్లు వచ్చాయి, కల్లాలు పోయాయి, ఆ జాగాలో ఇవాళ లారీలు ఆగుతున్నాయి. వాళ్లకు నోటీసూ లేదు, లెక్కా లేదు. రేపటి నుంచి రావద్దు అని మేస్త్రీ నోటిమాటగా చెప్పాడు, అంతే. పొలంలోనూ అదే కథ. హార్వెస్టర్ రాకముందు వరికోత అంటే ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా గుత్తకు పట్టి చేసే పని. ఎకరం కోయడానికి మిషన్‌కు గంట చాలు.

అయితే ఈ హార్వెస్టర్ కథ ఇక్కడ ఆగదు. మనుషులు కోసినప్పుడు పన (కోసిన వరి) పొలంలోనే ఆరేది, కుప్ప వేసి నూర్చేవాళ్లు, గింజ ఎండి వచ్చేది. మిషన్ పచ్చి గింజను నేరుగా ట్రాక్టరులో పోస్తుంది. కొనుగోలుకు తేమ 17 శాతం దాటొద్దు. అందుకే ఏ ఊరికి పోయినా రోడ్డు మీద వడ్లు, ఐకేపీ కేంద్రాల్లో (మహిళా సంఘాలు వడ్లు కొనే చోట) టార్పాలిన్ కవర్లు, తేమ మీటరు చుట్టూ పంచాయితీ, మబ్బు పట్టిందంటే రైతుకు టెన్షన్. కోత కూలి పోయిన ఆడవాళ్లలో కొందరు అదే కేంద్రాల్లో వడ్లు ఆరబోస్తూ, తూర్పార పడుతూ కనిపిస్తారు. సంఘాల ఆడవాళ్లు కేంద్రాలు నడిపి కమీషన్ తీసుకుంటున్నారు. కవర్లు కిరాయికిచ్చే వ్యాపారం పుట్టింది. హార్వెస్టర్ డ్రైవరు, మెకానిక్, బ్లేడ్లు అమ్మే షాపు వచ్చాయి. తడి వడ్లు వస్తున్నాయని మిల్లులో డ్రయ్యరు పెద్దది చేయాల్సి వచ్చింది, దాంతో నాకు పని దొరికింది. ఒక పని పోయి పది పనులు పుట్టినట్టు కనిపిస్తుంది కదా? కానీ పోయిన పని చేసిన మనిషికి కొత్త పని దొరకలేదు. కోత కోసిన యాభై ఏళ్ల ఆమె హార్వెస్టర్ నడపదు. ఆ స్టీరింగ్ మీద చాలాసార్లు పంజాబు కుర్రాడో హర్యానా కుర్రాడో కూర్చుని ఉంటాడు. ఉద్యోగాలు పెరుగుతాయనేవాళ్లు, పోతాయనేవాళ్లు ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు మీకు అనిపించడానికి కారణం ఇదే. ఒకరు మొత్తం లెక్క చెప్తున్నారు, ఒకరు మనిషి లెక్క చెప్తున్నారు.

మొత్తం లెక్కకు వస్తే, సరుకు ఎంత పెరుగుతోంది, ఒక్కో మనిషి చేసే పని ఎంత పెరుగుతోంది అనే రెండిటి మధ్య పరుగు పందెం ఇది. వడ్ల సంగతే చూడండి. 2014-15లో రాష్ట్రంలో ప్రభుత్వం కొన్న వడ్లు 24 లక్షల టన్నుల దగ్గర ఉంటే, 2020-21కి కోటీ 40 లక్షల టన్నులు దాటాయి. చెరువులు నిండాయి, 2018 నుంచి బోర్లకు 24 గంటల కరెంటొచ్చింది, చెలకలు కూడా మడులయ్యాయి. అన్ని వడ్లు ఆడించాలంటే కొత్త మిల్లులు రావాల్సిందే, ఉన్నవి పెద్దవి చేయాల్సిందే. అందుకే ఇన్ని మిషన్లు వచ్చినా మిల్లుల మీద బతికేవాళ్లు తగ్గలేదు. లారీలు, గన్నీ సంచులు, తవుడు నూనె, అన్నీ కలుపుకుంటే పెరిగారనే నా అంచనా.

ఇప్పుడు సింగరేణి చూడండి. 1990ల మొదట్లో కంపెనీలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు, బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల చుట్టుపక్కల వచ్చేది. 2023-24లో బొగ్గు ఏడు కోట్ల టన్నులు. కంపెనీ కార్మికులు నలభై వేల చుట్టూ. సరుకు మూడింతలు దాటింది, మనుషులు సగానికన్నా తగ్గారు. మా మేనమామ గోదావరిఖని బొగ్గు బాయిలో కోల్ ఫిల్లరు, తట్టతో టబ్బు నింపే పని. ఆ పనే ఇవాళ లేదు. బాయిలో ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ మిషన్లు ఎత్తిపోస్తున్నాయి, అడ్రియాలలో లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు గోడను మిషన్‌తో కోసే పద్ధతి) పెట్టారు, మిగిలిందంతా ఓపెన్‌కాస్టు, అంటే పైమట్టి తీసి బొగ్గు తవ్వడం. అక్కడా గేటు బయటికి నెట్టింది తక్కువ. రిటైరైన వాళ్ల జాగా నింపలేదు, కొందరికి పైసలిచ్చి ముందే పంపారు, కొడుకులకు వచ్చే వారసత్వ ఉద్యోగాలు ఏళ్లకేళ్లు ఆగిపోయాయి. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది. పని ఉంది, మనుషులూ ఉన్నారు, కానీ ఆ జీతం లేదు, క్వార్టరు లేదు, ఆసుపత్రి లేదు. తీసేయరు గానీ కొత్తవాళ్లను తీసుకోరని నేను మొదట్లో చెప్పిన మాటకు ఇంతకన్నా పెద్ద రుజువు మన జిల్లాల్లో లేదు.

అలాగని మిషన్ వద్దందామా? వరంగల్‌లో ఉన్నవాళ్లకు ఆజంజాహీ మిల్లు గుర్తుండాలి. 1934లో నిజాం కాలంలో పెట్టింది, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది, 2002లో వీఆర్ఎస్ ఇచ్చి మూసేశారు. కొత్త మిషన్లు తెచ్చి మనుషుల్ని తీసేసిన మిల్లు కాదది. పాత మిషన్ల మీదే నడిపి నడిపి నష్టాలు పెరిగి మొత్తం మిల్లే పోయింది. ఒక్కరి పని కూడా మిగల్లేదు. సిరిసిల్ల మర నేత వాళ్లదీ ఇంచుమించు ఇదే ఇబ్బంది. పాత సాంచెల (మరమగ్గాల) మీద నేసిన పాలిస్టర్ గుడ్డ బయటి పెద్ద ఆటోలూముల గుడ్డతో ధరలో నిలబడలేదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇచ్చాక కొన్నాళ్లు ఊపిరి తీసుకున్నారు, ఆర్డరు ఆగితే సాంచె ఆగుతుంది. పక్కవాడు మిషన్ పెట్టినప్పుడు మనం పెట్టకపోవడం కూడా ఉద్యోగాలు తీసే పనే. సేటును ఈ ఒక్క విషయంలో నేను తప్పు పట్టను.

ఇంకోటి, మిషన్ కన్నా పెద్ద దెబ్బ ఒక్కోసారి కాగితం మీద నుంచి వస్తుంది. 2021లో ఉప్పుడు (బాయిల్డ్) బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అన్నప్పుడు ఏమైందో మీకు తెలుసు. యాసంగి వడ్లు ఎండ వేడికి పచ్చిగా ఆడిస్తే నూకవుతాయి, అందుకే మన దగ్గర బాయిల్డ్ మిల్లులు ఇన్ని. ఆ ఒక్క మాటకు ఎందరి పని ఊగిసలాడిందో చెప్పలేను, ఏ సార్టెక్సూ అంత చేయలేదు. అలాగే కొన్ని మిషన్లు, యాప్‌లు భయపెట్టినంత పని చేయవు. 2016లో ఈ-నామ్ (ఆన్‌లైన్‌లో పంట అమ్మే జాతీయ మార్కెట్) వచ్చినప్పుడు మార్కెట్లలో అడ్తిదారులు ఇక ఉండరన్నారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయి చూడండి, అందరూ అక్కడే ఉన్నారు.

దేశానికి లాభమా అన్నారు. నా చదువుకు తెలిసినంత చెప్తాను. ఇరవై మంది కూలి మిగిలితే ఆ పైసలు ఎటు పోతున్నాయో చూడాలి. ముందు శనివారం కూలి పంచితే ఆదివారం అంగట్లో, కిరాణంలో, కల్లు మండువలో ఆ పైసలు తిరిగేవి. ఇప్పుడదే డబ్బు బ్యాంకు కిస్తీగా, మిషన్ కంపెనీకి, కరెంటు బిల్లుకు పోతోంది. కిస్తీ తీరాక సేటు ఇంకో మిల్లు పెడితే మళ్లీ ఊళ్లో పని పుడుతుంది, హైదరాబాద్ శివారులో ప్లాట్లు కొంటే పుట్టదు. రెండూ చూశాను, రెండోది ఎక్కువ చూశాను. కాబట్టి దేశం లెక్కలో ఉత్పత్తి పెరిగి లాభమే రాసుకోవచ్చు, మీ ఊరి లెక్కలో రాకపోవచ్చు.

ఇక మీ సంగతి. కాటా గుమాస్తా పనిలో రాయడం ఒక భాగం, అది కచ్చితంగా పోతుంది. లారీ ఎక్కగానే తూకం కంప్యూటరులో పడుతుంది, స్లిప్పు వస్తుంది, లెక్క ఆన్‌లైన్‌కు ఎక్కుతుంది. మిగతా సగం, అంటే తేమ దగ్గర, తాలు దగ్గర, తరుగు దగ్గర రైతుతో గొడవ, ఏ లారీ ముందు ఏది వెనక అని డ్రైవర్లతో గొడవ, ఇవి ఏ కంప్యూటరూ చేయదు (చేస్తే నాకే ఎక్కువ సంతోషం). ఆ సగానికి ఒక మనిషి చాలు. ఇప్పుడు ఇద్దరో ముగ్గురో ఉన్నారంటే ఒక్కరే మిగులుతారు.

అందుకే మిషన్ బిగించే రోజుల్లో సెలవు పెట్టకండి. కంపెనీ ఇంజినీరు వచ్చి నాలుగు రోజులుంటాడు, అతని పక్కన నిలబడి వైరు ఎటు పోతోంది, గాలి ఎటు పోతోంది, ఏ లైటు వెలిగితే ఏం చేయాలి అన్నీ రాసుకోండి, అతని నంబరు తీసుకోండి. చాలా మిల్లుల్లో ఆ నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోరు, తర్వాత చిన్నదానికి కూడా నాలాంటివాణ్ణి పిలిచి పైసలిస్తారు. మీకు డిగ్రీ ఉంది, సెట్టింగులు చదివి అర్థం చేసుకోగలరు, అక్కడే మీకు మిగతావాళ్ల మీద పైచేయి. ప్యానెల్ బోర్డు, మోటార్లు, పీఎల్‌సీ (మిషన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కొంచెం పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐ వైపు చూడండి. 2024లో ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని మొదలుపెట్టింది, మీకు దగ్గర్లో ఏముందో, పనిచేస్తూ చేరే చిన్న కోర్సులున్నాయో వెళ్లి అడగండి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. మస్టరులో (హాజరు పుస్తకంలో) మీ పేరుందా, పీఎఫ్ కడుతున్నారా, జీతం బ్యాంకులో పడుతోందా. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మిషన్ల వల్ల మనుషుల్ని తీసేసే పరిస్థితి ఉంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. ఏడాదిలో 240 రోజులు చేసినవాళ్లను తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. కొత్త కోడ్‌లో దానికి తోడు ఇంకో 15 రోజుల జీతం, వేరే పని నేర్చుకోవడానికని ఒక నిధి నుంచి వస్తుంది. ఇవన్నీ కాగితం మీద పేరున్నవాళ్లకే. మేస్త్రీ కింద వచ్చే హమాలీకి, రోజు కూలికి వచ్చే ఆడవాళ్లకు పేరే ఉండదు, అందుకే వాళ్లను తీసేయడం అంత తేలిక. మీరు గుమాస్తా కదా, మస్టరు రాసే చేయి మీదే అయితే వాళ్ల పేర్లు ఎక్కించమని సేటుతో ఒక మాట అనగలరేమో చూడండి.

మీ మిల్లు గంటకు ఎన్ని టన్నులది, కంప్రెసర్ కొత్తది ఇస్తున్నారా పాతదానికే తగిలిస్తున్నారా అన్నది రాయలేదు. పాతదానికే తగిలిస్తుంటే మాత్రం వానాకాలం లోపల ఎయిర్ డ్రయ్యర్ పెట్టించమని ఇప్పుడే చెప్పండి, లేకపోతే మొదటి లారీ వెనక్కి వచ్చినప్పుడు తిట్లు మిషన్‌కు పడవు, దాని పక్కన నిలబడ్డవాడికి పడతాయి.